వేచియుండుటను గణించు విద్య

ఉత్తరము వ్రాసి తపాలా పెట్టెలో వేసినవారికి అది ఎన్ని దినములలో చేరునో ఉజ్జాయింపుగా తెలియును. ఊరు దూరమైనచో ఎక్కువ దినములు, దగ్గరైనచో తక్కువ దినములు. కంప్యూటరుల నెట్‌వర్కులో ఈ లెక్క పనికిరాదు. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. హైదరాబాదు నుండి ఢిల్లీకి తీగదారి 2,000 కిలోమీటర్లని అనుకొన్నను కాంతికి పట్టునది సెకనులో నూరవవంతు మాత్రమే. ఐనను మన చేతిలోని ఫోనులో ఒక పుట తెరచుకొనుటకు ఒక్కొక్కప్పుడు అయిదు సెకనులు పట్టును, పది సెకనులును పట్టును. ఆ మిగిలిన కాలమంతయు ఏమైనది? కొంత అవతలి కంప్యూటరు లెక్కలు చేసికొనుటకు పోయినది. కొంత ఇరు కంప్యూటరులు ఒకదానినొకటి పలుకరించుకొనుటకు పోయినది. తరచుగా హెచ్చుభాగము దారిలోని క్యూలలో వేచియుండుటకు పోయినది.

ఈ వేచియుండుటను కొలుచుట, గణించుట, తగ్గించుట నేడొక ఉన్నత విద్య. విశ్వవిద్యాలయములలో ఎం.టెక్., పిహెచ్.డి. విద్యార్థులు నెట్‌వర్కు ప్రోటోకాల్‌లు, వాని పనితీరు విశ్లేషణ అను పేరుతో దీనిని అభ్యసింతురు. పేరు వినగానే ఇది యంత్రములకు మాత్రమే సంబంధించిన శుష్కవిషయమని తోచవచ్చును. కాని దీని మూలప్రశ్న ప్రతి ఇంటికిని తెలిసినదే. పదిమందికి ఉమ్మడిగా నున్న వస్తువును పదిమందియు ఏ విధముగా వాడుకొనవలెను? ఒకరు తొందరపడినచో తక్కినవారికి ఏమగును? ఈ ప్రశ్నకు సమాధానము లభించిన విధమును మేమీ ప్రసంగములో వివరింపదలచితిమి.

ప్రోటోకాల్ అనునది రాయబారుల మర్యాదలకు వాడుకలో నున్న మాట. ఎవరు ముందు పలుకరింపవలెను, ఎదుటివారు ఏమని బదులు చెప్పవలెను, బదులు రానిచో ఏమి చేయవలెను అను నియమముల సముదాయమే ప్రోటోకాల్. కంప్యూటరులకును ఇట్టి నియమములు కావలెను. పంపు కంప్యూటరు పెద్ద సందేశమును చిన్న ముక్కలుగా చేయును. వీనికి ప్యాకెట్‌లని పేరు. ప్రతి ప్యాకెట్ మీదను పంపినవారి చిరునామా, చేరవలసినవారి చిరునామా ఉండును. దారిలో కూడలికొక రూటరు ఉండి, చిరునామా చూచి, తగిన తీగ మీదికి దానిని పంపును. తీగ ఖాళీగా లేనిచో ప్యాకెట్ రూటరులోనే వేచియుండును. అట్లు వేచియుండు చోటు బఫరు. బఫరు నిండినచో తరువాత వచ్చిన ప్యాకెట్‌ను రూటరు పారవేయును. పారవేసితినని సామాన్యముగా ఎవరికిని చెప్పదు.

మరి పోయినదానిని కనిపెట్టుట ఎట్లు? చేరిన ప్యాకెట్‌కు అవతలి కంప్యూటరు రసీదు పంపవలెను. నియమిత కాలములో రసీదు రానిచో ఇవతలి కంప్యూటరు మరల పంపవలెను. 1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనువారు ప్రకటించిన పథకము నుండి పెరిగిన టి.సి.పి. అను ప్రోటోకాల్‌లో ఈ నియమము ప్రధానమైనది. 1983 జనవరి 1వ తేదీన అమెరికాలోని ఆర్పానెట్ ఈ ప్రోటోకాల్‌కు మారినది. నేటి ఇంటర్నెట్‌కు పునాది అదియే.

ఇచట ఒక భేదమును గుర్తింపవలెను. నియమము తప్పులేనిది కావచ్చును. ఐనను పనితీరు చెడవచ్చును. ప్రతి ప్యాకెట్ ఎన్నడో ఒకనాటికి చేరునని నిరూపించుట ఒక పని. ఎంత కాలములో చేరును, ఎందరు వాడుచున్నప్పుడు ఎంత ఆలస్యమగును అని చెప్పుట వేరొక పని. ఈ రెండవ పనియే పనితీరు విశ్లేషణ.

దీనికి తొలి మెట్టు కంప్యూటరులు పుట్టక ముందే పడినది. కోపెన్‌హాగన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అను డేనిష్ గణితవేత్త 1909లో టెలిఫోను పిలుపులకు సంభావ్యతా గణితమును అన్వయించి ఒక వ్యాసము ప్రకటించెను. ఎన్ని తీగలున్నచో ఎందరికి లేదనకుండ మాట కలుపవచ్చును అను లెక్కకు 1917లో సూత్రములు ఇచ్చెను. క్యూల గణితము అచటనుండి పెరిగినది.

అందలి ఒక ఫలితమును శ్రోతలు మనస్సులో నుంచుకొనవలెను. ఒక తపాలా కార్యాలయములో ఒకే కిటికీ ఉన్నదనుకొందము. ఒక్కొక్కరి పనికి సగటున ఒక నిమిషము పట్టును. జనులు ఒక క్రమము లేక వచ్చుచుందురు. కొందరి పని త్వరగా తీరును, కొందరిది తీరదు. కిటికీ సగము కాలము మాత్రమే పనిలో నున్నచో, వచ్చిన మనిషి పని ముగించుకొని పోవుటకు సగటున 2 నిమిషములు పట్టును. నూటికి 80 వంతుల కాలము పనిలో నున్నచో 5 నిమిషములు, 90 వంతులైనచో 10 నిమిషములు, 95 వంతులైనచో 20 నిమిషములు పట్టును. 99 వంతులైనచో 100 నిమిషములు, అనగా గంటా నలుబది నిమిషములు! గుమాస్తా వేగము తగ్గలేదు. వచ్చువారి సంఖ్య 90 నుండి 99కి మాత్రమే పెరిగినది. నిరీక్షణ పదిరెట్లైనది. వస్తువును పూర్తిగా వాడుకొనవలెనను ఆశకును, వెంటనే పని కావలెనను కోరికకును పొత్తు కుదరదు. నెట్‌వర్కును నిర్మించువారు ఈ రెంటిలో దేనిని ఎంత వదలుకొందురో నిర్ణయించుకొనవలెను.

ఈ గణితమును కంప్యూటరుల నెట్‌వర్కునకు అన్వయించినది ఒక విద్యార్థి. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో లియొనార్డ్ క్లెయిన్‌రాక్ 1962లో సమర్పించిన పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథము దీనిని గూర్చినదే. ఆయనకొక చిక్కు ఎదురైనది. ఒక సందేశము ఎన్ని కూడలులు దాటినను దాని పొడవు మారదు. పొడుగు సందేశము ప్రతి కూడలిలోను ఆలస్యము చేయును. ఈ సంబంధమును లెక్కలోనికి తెచ్చినచో గణితము సాగదు. అందుచేత ప్రతి కూడలిలోను సందేశమునకు క్రొత్తగా ఒక పొడవు వచ్చినదనుకొని ఆయన లెక్క సాగించెను. ఇది నిజము కాదని ఆయన ఎరుగును. కావుననే లింకన్ ప్రయోగశాలలోని టి.ఎక్స్.-2 అను కంప్యూటరు మీద నెట్‌వర్కు నడకను అనుకరించి, తన ఊహవలన ఫలితమునకు పెద్ద లోపము రాలేదని చూపెను. ఊహ చేయుటలో తప్పులేదు. చేసిన ఊహను పరీక్షింపకుండుట తప్పు. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలెస్‌లోని ఆయన ప్రయోగశాల నుండియే ఆర్పానెట్ మీద తొలి సందేశము స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు వెళ్లెను. ‘లాగిన్’ అను మాటలో తొలి రెండక్షరములు చేరిన పిమ్మట అవతలి కంప్యూటరు ఆగిపోయెను. ఆ విధముగా ఈ విద్యకు మొదటి నుండియు ప్రయోగమే పరీక్షాధికారి.

ఇక రేడియో శ్రోతలకు ప్రత్యేకముగా నచ్చదగిన కథ ఒకటి కలదు. హవాయి దీవులలో విశ్వవిద్యాలయపు శాఖలు వేర్వేరు దీవులలో నున్నవి. వానిని కేంద్ర కంప్యూటరుతో కలుపుటకు నార్మన్ అబ్రామ్‌సన్, ఆయన సహచరులు 1971లో రేడియో తరంగములను వాడిరి. ఈ నెట్‌వర్కు పేరు అలోహా. నియమము అతి సులభము. పంపవలసినది ఉన్నవారు వెంటనే పంపుదురు. ఇద్దరు ఒకేసారి పంపినచో రెండును చెడును; అప్పుడు ఇద్దరును తమకు తోచినంత సేపు ఆగి మరల పంపుదురు. ఈ పద్ధతిలో రేడియో మార్గపు శక్తిలో నూటికి 18 వంతులకు కొంచెము మించి మాత్రమే పనికి వచ్చునని అబ్రామ్‌సన్ గణించెను. కాలమును సమానమైన గడులుగా విభజించి, గడి ఆరంభమున మాత్రమే పంపవలెనని నియమించినచో అది రెట్టింపగును.

ఇదే సమయమున హార్వర్డు విశ్వవిద్యాలయములో రాబర్ట్ మెట్‌కాఫ్ అను విద్యార్థి తన పిహెచ్.డి. గ్రంథమును సమర్పించెను. అందు గణిత సిద్ధాంతము చాలదని 1972లో పరీక్షకులు దానిని త్రిప్పిపంపిరి. పిమ్మట ఆయన అబ్రామ్‌సన్ వ్యాసమును చదివి ఒక సంగతిని గమనించెను. ఆ లెక్కలో వాడుకరులు బదులు వచ్చినను రాకున్నను ఆగక పంపుచుందురని ఊహ ఉన్నది. నిజమైన మనుష్యులు అట్లు చేయరు. బదులు రానిచో చేతులు ముడుచుకొని కూర్చుందురు. మనుష్యుల ఈ స్వభావమును లెక్కలో చేర్చగా ఫలితము మారినది. ఆ నెట్‌వర్కు ఎప్పుడు నిలకడగా నడచునో, ఎప్పుడు తొట్రుపడునో తెలిసినది. ఈ విశ్లేషణతో 1973లో ఆయనకు పట్టము లభించినది. అదే సంవత్సరము మే 22న ఆయన ఈథర్నెట్ పథకమును వ్రాసెను. అందలి నియమము అలోహాకంటె మర్యాద గలది. మాటలాడుటకు ముందు ఇతరులెవరైన మాటలాడుచున్నారేమో వినవలెను. మాటలాడుచు కూడ వినవలెను. ఇతరుల మాట తగిలినచో వెంటనే ఆపవలెను. త్రిప్పిపంపబడిన గ్రంథమును సరిదిద్దుటకు చేసిన శ్రమ లోకమునకు ఇట్లు ఉపకరించినది.

అయితే పరస్పర మర్యాద లేనిచో ఏమగునో లోకము 1986లో చూచినది. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకును, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకును నడుమ దూరము 400 గజములు. ఆ దారిలో సెకనుకు 32,000 బిట్ల చొప్పున సమాచారము పోవుచుండెడిది. అక్టోబరు మాసములో ఒక దినమున అది సెకనుకు 40 బిట్లకు పడిపోయెను. అనగా ఎనిమిది వందలవ వంతు. తీగ తెగలేదు. యంత్రము చెడలేదు. ప్రతి కంప్యూటరును తన నియమమును తూచా తప్పక పాటించుచునే యున్నది.

కారణమేమన, క్యూలు పెరిగినందున రసీదులు ఆలస్యమైనవి. రసీదు రాలేదు గావున ప్యాకెట్ పోయినదని తలచి కంప్యూటరులు అదే ప్యాకెట్‌ను మరల పంపినవి. ఆ నకళ్లతో క్యూలు మరింత పెరిగినవి. రసీదులు మరింత ఆలస్యమైనవి. తుదకు దారినిండ నకళ్లే నడచినవి; క్రొత్త సమాచారమునకు చోటు లేకపోయినది. ఇట్టి ఉపద్రవము రాగలదని జాన్ నేగల్ అను ఇంజనీరు 1984లోనే హెచ్చరించియుండెను.

వాన్ జాకబ్‌సన్, మైకేల్ కారెల్స్ అనువారు ఈ విషయమును శోధించిరి. జాకబ్‌సన్ 1988లో ప్రకటించిన వ్యాసమును నెట్‌వర్కు విద్యార్థులు నేటికిని చదువుదురు. ఆయన చెప్పిన మందు క్రొత్త తీగ కాదు, పెద్ద యంత్రము కాదు. పంపువారు తమ్ము తాము అదుపులో నుంచుకొనుటయే మందు. మొదట కొద్దిగా పంపి దారి ఎట్లున్నదో చూడవలెను. రసీదులు సక్రమముగా వచ్చుచున్నంతవరకు కొంచెము కొంచెముగా హెచ్చింపవలెను. ఒక ప్యాకెట్ పోయినచో దానిని ‘దారి ఇరుకైనది’ అను వార్తగా గ్రహించి వెంటనే సగమునకు తగ్గింపవలెను. మరల పంపుటకు ముందు ఆగు కాలమును ప్రతి వైఫల్యమునకు రెట్టింపు చేయవలెను.

హెచ్చించునప్పుడు కొంచెము కొంచెముగా, తగ్గించునప్పుడు సగమునకు సగము ఏల? దీనిలో న్యాయము కూడ ఇమిడియున్నదని డా మింగ్ చియు, రాజ్ జైన్ అనువారు 1989లో గణితముచే చూపిరి. రాజ్ జైన్ బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎం.ఇ. చదివి హార్వర్డులో పిహెచ్.డి. పొందినవారు. ఈ లెక్కను ఇంటిలో పిల్లలు కూడ చేయవచ్చును. ఒక దారి 100 ప్యాకెట్‌లు పట్టునదనుకొందము. ఒకరు 80, ఒకరు 20 వాడుచున్నారు. ఇద్దరును తలా పది హెచ్చించిరి: 90, 30. దారి చాలలేదు. ఇద్దరును సగమునకు తగ్గించిరి: 45, 15. వారి నడుమ 60గా నున్న తేడా 30 ఐనది. మరల తలా పది చొప్పున మూడుమార్లు హెచ్చించిరి: 75, 45. దారి చాలలేదు. సగము చేసిరి: తేడా 15 ఐనది. హెచ్చించునప్పుడు తేడా మారదు, తగ్గించునప్పుడు సగమగును. కొంతసేపటికి ఇద్దరి భాగములును దాదాపు సమానమగును. ఒకరితో ఒకరు మాటలాడుకొనలేదు. పంచిపెట్టు పెద్దమనిషి ఎవరును లేరు. ఐనను పంపకము సమానమైనది.

ఇంతవరకు గణితము గెలిచిన కథలు చెప్పితిమి. అది ఓడిన కథయు చెప్పుట న్యాయము. టెలిఫోను పిలుపులకు ఎర్లాంగ్ కాలము నుండి వాడిన ఊహ ఒకటి కలదు. ఎందరో మనుష్యుల పిలుపులు కలిసినప్పుడు హెచ్చుతగ్గులు ఒకదానినొకటి సరిచేసికొని ప్రవాహము చదునగునని ఆ ఊహ. కంప్యూటరుల ప్యాకెట్‌లకును అదే వర్తించునని చాలకాలము తలచిరి. బెల్‌కోర్ పరిశోధన సంస్థలో 1989 నుండి 1992 వరకు ఈథర్నెట్ మీద పోవు ప్యాకెట్‌లను ఎంతో సూక్ష్మముగా కొలిచి, 1993లో ఫలితము ప్రకటించిరి. సెకనుల లెక్కన చూచినను, నిమిషముల లెక్కన చూచినను, గంటల లెక్కన చూచినను ప్రవాహము గుట్టలు గుట్టలుగానే యున్నది, చదును కాలేదు. పాత ఊహతో కట్టిన బఫరులు చాలవని తేలినది. కొలత లేని సూత్రము ఎంత అందముగా నున్నను నమ్మరాదని ఈ పరిశోధన నేర్పినది.

కావున ఈ విద్యార్థికి సాధనములు మూడు: సూత్రము, అనుకరణము, కొలత. సూత్రము కారణమును చూపును గాని సంక్లిష్టమైనచో సాగదు. కంప్యూటరు మీద నెట్‌వర్కును అనుకరించుటచే ఎంత సంక్లిష్టమైనదైనను నడపి చూడవచ్చును గాని అందులో మనము పెట్టని సంగతి ఏదియు బయటికి రాదు. కొలత నిజమును చెప్పును గాని నిన్నటి నెట్‌వర్కును గూర్చియే చెప్పును. మూడును ఒకే మాట చెప్పినప్పుడే నమ్మదగును. మూడును మూడు మాటలు చెప్పినచో విద్యార్థి నిరుత్సాహపడనక్కరలేదు. పరిశోధింపదగిన విషయము అచటనే యున్నది.

సగటును గూర్చియు ఒక జాగ్రత్త చెప్పవలెను. నూరుమంది ఒక పుటను కోరిరి. తొంబదితొమ్మండుగురకు సెకనులో పదవవంతులో వచ్చినది. ఒకరికి పది సెకనులు పట్టినది. సగటు సెకనులో అయిదవవంతు మాత్రమే. నివేదికలో ఇది చక్కగా కనబడును. ఆ ఒక్కరు ఆసుపత్రి నుండి వైద్యుని సలహా కోరినవారు కావచ్చును; పరీక్ష దరఖాస్తుకు ఆఖరి నిమిషమున కూర్చున్న విద్యార్థి కావచ్చును. అందుచేతనే మంచి విశ్లేషకుడు సగటుతో తృప్తిపడక, అందరికంటె వెనుకబడినవాని గతి ఏమని అడుగును.

ఈ విద్యవలన గృహస్థులకు కలుగు ప్రయోజనమును కూడ సూచింతుము. జ్ఞాపకయంత్రములు చవుక ఐనందున రూటరులలో బఫరులు విపరీతముగా పెరిగినవి. బఫరు పెద్దదైనచో ప్యాకెట్‌లు పారవేయబడవు; మంచిదే కదా యనిపించును. కాని ప్యాకెట్ పోయినప్పుడే పంపువారికి దారి ఇరుకైనదని తెలియును. పోకపోవుటచే వారు తగ్గింపరు. క్యూ పెరుగుచునే యుండును. జిమ్ గెటిస్ అను ఇంజనీరు 2010లో తన ఇంటిలోనే ఈ దోషమును కనిపెట్టి లోకమునకు చాటెను. 2012లో క్యాథలీన్ నికల్స్, వాన్ జాకబ్‌సన్ దీనికి విరుగుడు సూచించిరి. క్యూ పొడవును గాక, ప్యాకెట్ అందులో ఎంతసేపు వేచియున్నదో చూచి, ఆ కాలము మితిమీరినచో ముందే ఒకదానిని పారవేయవలెను. మన ఇంటిలో ఒకరు వీడియోను పైకి పంపుచుండగా మరొకరి ఫోను సంభాషణ తెగిపోవుచున్నదా? వీడియో పోయిన పిమ్మట సంభాషణ చక్కబడుచున్నదా? ఐనచో దోషము తరచుగా తీగ చాలకపోవుటలో కాక క్యూలో నుండును. ఎక్కువ వెల గల పథకమునకు మారుటకు ముందు ఈ పరీక్ష చేసికొనుట మేలు. ఈ విరుగుడు గల రూటరులు నేడు లభించుచున్నవి.

మన దేశమున ఎర్నెట్ అను విద్యా నెట్‌వర్కు 1986లో ఆరంభమైనది. 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. నాడు కొద్దిమందికి పరిమితమైనది నేడు కోట్ల జనులకు నిత్యావసరమైనది. పరీక్షాఫలితములు, రైలు టిక్కెట్లు, బ్యాంకు వ్యవహారములు దాని మీదనే నడచుచున్నవి. ఫలితములు వెలువడిన గంటలో అందరును ఒకేసారి వచ్చుదురు. పుట తెరచుకొననిచో మరల మరల నొక్కుదురు. 1986 నాటి నకళ్ల కథయే మన ఇండ్లలో పునరావృత్తమగుచున్నది. అట్టి గంటను ముందుగా గణించి ఏర్పాటు చేయుట ఈ విద్య నేర్చినవారి పని.

ఈ చదువునకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. తమ కళాశాల వసతిగృహపు నెట్‌వర్కును ఒక మాసము శ్రద్ధతో కొలిచిన విద్యార్థికి పుస్తకములలో లేని సంగతులు కనబడును. సంభావ్యతా గణితము నేర్చుకొని, ప్యాకెట్‌లను నమోదుచేయు సాధనములను వాడుక చేసికొని, తన ఊహలను తానే శంకించు అలవాటు గలవారు మన జిల్లా కళాశాలల నుండియు ఈ రంగమునకు రావలెను. నియమములను ఇతరులు వ్రాయగా మనము వాడుకొనుటతోనే తృప్తిపడనక్కరలేదు. ఉమ్మడి దారిలో ఎవరి వంతు ఎంత, ఎవరు ఎంతసేపు ఆగవలెను అను నిర్ణయములు ఆ నియమములలోనే యున్నవి. 2016లో గూగుల్ వారు ప్యాకెట్ పోవువరకు ఆగక దారి వేగమును, ప్రయాణకాలమును కొలిచి పంపు బి.బి.ఆర్. అను పద్ధతిని ప్రకటించిరి. అది పాత పద్ధతివారితో దారిని న్యాయముగా పంచుకొనుచున్నదా అను చర్చ పరిశోధకులలో నాటినుండి జరుగుచున్నది. ఆ చర్చలో మాటలాడుటకు కావలసిన అర్హత ఒక్కటే: జాగ్రత్తగా కొలిచి తెచ్చిన లెక్క.